పేరు కొట్టేసిన పిల్లలు

"వాళ్లకి చదువంటే లెక్కలేదండీ."

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఈ మాట విన్నంతగా ఇంకో మాట వినలేదు. మండలాఫీసులో విన్నాను, ఆదోని బస్సులో పక్క సీటు టీచర్ల నోట విన్నాను, ఊళ్లో పెద్దవాళ్ల అరుగుల మీద విన్నాను. ఆ వైపు పల్లెల్లో పిల్లలు బడికి రారు, వచ్చినా నిలవరు. ఎందుకని అడిగితే, కన్నవాళ్లకు చదువు విలువ తెలియదు, పిల్లలు తెచ్చే నాలుగు రూపాయలే వాళ్లకు ముఖ్యం అనేవాళ్లు. దాంతో చర్చ ముగిసిపోయేది. సర్వీసంతా ప్రాథమిక పాఠశాలల్లోనే గడిపి రిటైరయ్యాక, ఆ మాట ఎంత అన్యాయమో నేను చూసినంతవరకు రాసిపెట్టాలని ఉంది. బడిని బాగుచేయడానికి మన దగ్గర జరిగిన ప్రయత్నాలు చాలానే దగ్గర్నుంచి చూశాను. పిల్లలు రాకపోవడానికి కారణాన్ని వాళ్ల ఇళ్లలో వెతకడం మాని బడిలో వెతికినప్పుడల్లా ఏదో ఒకటి కదిలింది. మిగతాప్పుడు రిజిస్టర్లు మాత్రమే నిండాయి.

నాది నంద్యాల. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత, 1987లో ఆపరేషన్ బ్లాక్ బోర్డు అని కేంద్రం ఒక పథకం పెట్టింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వాళ్లలో వీలైతే ఒకరు ఆడమనిషి, కొంత బోధన సామగ్రి. ఇప్పటి పిల్లలకు చెబితే ఇదేం గొప్ప అంటారేమో. అప్పటికి దేశంలో ఎన్నో బళ్లకు ఇవేవీ లేవు. అలా ఏకోపాధ్యాయ పాఠశాలకి రెండో టీచరుగా వెళ్లినదాన్ని నేను. ఆదోనిలో బస్సు దిగి, ఇంకో బస్సెక్కి, అక్కడి నుంచి నడక. ఊళ్లో సగం ఇళ్లలో కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేవాళ్లు. రాతిగోడల మీద మట్టి మిద్దె వేసిన ఒక్క గది, అదే బడి. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులన్నీ అందులోనే. వాన పడితే ఆంజనేయస్వామి గుడి మంటపంలోకి మారేవాళ్లం.

మా హెడ్మాస్టరు గారు అంతకుముందు కొన్నేళ్లు ఒక్కరే ఐదు తరగతులూ లాక్కొచ్చిన మనిషి. పొద్దున్నే వచ్చి, ఒకటో తరగతికి పలక మీద అక్షరాలు రాసిచ్చి దిద్దమనేవారు. రెండుకు ఎక్కాలు, మూడుకు చూచిరాత, ఆ తర్వాత నాలుగు, ఐదు తరగతులకు పాఠం. ఈలోగా ఒకటో తరగతి పిల్లలు దిద్దిందే దిద్ది పలకలు అరగదీసేవాళ్లు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఒక్క మనిషితో ఐదు తరగతులు నడపమంటే ఎవరైనా అంతకంటే ఏం చేయగలరు?

బ్లాక్ బోర్డు సామాను ఒక పెద్ద రేకు పెట్టెలో వచ్చింది. సైన్సు కిట్టు, లెక్కల కిట్టు, చిన్న పనిముట్లు, గ్లోబు, మ్యాపులు, ఆట వస్తువులు. దానికి తాళం వేసి ఉండేది. ఒక్క వస్తువు పోయినా స్టాకు రిజిస్టరులో లెక్క చెప్పాలి, జీతంలో కోత పడుతుందేమోనని ఆయన భయం. అలాంటి పెట్టెలు ఎన్ని ఊళ్లలో అలాగే మూలన పడి ఉన్నాయో ఆ కాలం టీచర్లందరికీ తెలుసు. సామాను పంపినవాళ్లు, దాన్ని పిల్లలు పాడుచేయవచ్చు అని ఒక్క కాగితం రాసి పంపి ఉంటే సగం సమస్య తీరేది.

ఇక పిల్లల సంగతి. ఆ వైపు వలసని సుగ్గి అంటారు. వర్షాధారపు సేద్యం, శెనక్కాయ ఇంటికొచ్చాక ఊళ్లో పని ఉండదు. దసరా, దీపావళి దాటాక గుంటూరు వైపు పత్తి తీయడానికి, తర్వాత మిరపకాయ కోతలకు లారీలెక్కి కుటుంబాలకు కుటుంబాలే వెళ్లిపోయేవి. ముసలివాళ్లు మాత్రం మిగిలేవాళ్లు. పిల్లలు కన్నవాళ్ల వెంటే. చిన్నపిల్లలను చూసుకోవడానికి కొంచెం పెద్దపిల్లలు, కోతకి ఇంకొంచెం పెద్దవాళ్లు. ఉగాదికి అటూఇటూగా తిరిగొచ్చేవాళ్లు. అప్పటికి బళ్లో సంవత్సరం దాదాపు అయిపోయేది, వాళ్ల పేర్లూ పోయేవి. కొన్ని వారాలు వరసగా రాకపోతే హాజరుపట్టీలో ఎర్ర సిరాతో గీత గీసి పేరు కొట్టేయడం రివాజు.

ఒక ఏడాది అలాగే ఉగాది ముందు, పదేళ్లు దాటిన ఒక అమ్మాయి చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని గడప దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు. చాలాసేపటికి, "నా పేరుందా టీచర్?" అంది. పట్టీ తీశాను. పేరు మీద ఎర్రగీత ఉంది. పిల్ల దాన్ని చదవలేదు గానీ ఆ గీతేమిటో తెలుసు. జూన్‌లో మళ్లీ చేర్చుకున్నారు. చదవడం రాదు కాబట్టి ఒకటో తరగతి. ఐదారేళ్ల పిల్లల మధ్య మోకాళ్లు ముడుచుకుని కొన్నాళ్లు కూర్చుంది. ఆ తర్వాత మానేసింది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తల్లి రొట్టెలు తడుతోంది. నేనడగకముందే తనే మొదలుపెట్టింది. "మేము పంపమని యెవురు చెప్పినారు మేడం? రోజూ పంపిస్తిమి. అది నా భుజం కాడికొచ్చె. దాన్ని ఆ బుడ్డోల్ల మధ్య కూచోబెట్టి అ, ఆ అనిపిస్తే యాడ కూచుంటాది? నామోషీ అయితాదని ఏడుస్తాంది. మీరు దానికో తావు సూపియ్యండి, నేను పంపకపోతే అడగండి."

చదువంటే లెక్కలేని మనిషి మాటలా ఇవి? ఆమె అడిగింది ఒక్కటే, తన బిడ్డకి బళ్లో ఒక చోటు. ఆ చోటు చూపించే పద్ధతి అప్పటికి మా దగ్గర లేదు. వయసుకి తగ్గ తరగతిలో కూర్చోబెడితే పాఠం అందదు. పాఠానికి తగ్గ తరగతిలో కూర్చోబెడితే పిల్ల సిగ్గుతో చచ్చిపోతుంది. ఈ చిక్కుముడిని విప్పడానికే ఆ తర్వాత పదిహేనేళ్లపాటు ఒక్కొక్క పథకం వచ్చిందని ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అనిపిస్తుంది.

మొదటి దారి చూపింది ఏపీపీఈపీ, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1980ల మధ్యలో కొన్ని జిల్లాల్లో మొదలై, 1989 తర్వాత రాష్ట్రమంతా పాకింది. ట్రైనింగ్‌కి మండలంలో మమ్మల్నందరినీ పిలిచారు. ఎండాకాలం, రేకుల షెడ్డు, మంచినీళ్ల కుండ ఒక్కటే. ఇంగ్లండువాళ్లు వచ్చి మనకి అఆలు చెప్పడం నేర్పిస్తారా అని సీనియర్లు విసుక్కున్నారు. కానీ అందులో ఆరు సూత్రాలుండేవి, ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. కృత్యాలను టీచరే తయారుచేసుకోవాలి. పిల్లలు చేసి, కనుక్కుని నేర్చుకోవాలి. ఒంటరిగా, జట్లుగా, తరగతి మొత్తంగా పని చేయించాలి. పిల్లవాడికీ పిల్లవాడికీ ఉండే తేడాకి తగ్గట్టు పని ఇవ్వాలి. ఊరి పరిసరాల్నే పాఠానికి వాడుకోవాలి. పిల్లలు చేసినవి గోడ మీద పెట్టి గదిని ఇంపుగా ఉంచాలి.

కాగితం మీద చదివితే మామూలు మాటలే. నాకు మాత్రం నాలుగో సూత్రం దగ్గర ఆ అమ్మాయే గుర్తొచ్చింది. తేడా ఉండటం పిల్లల తప్పు కాదనీ, దానికి తగ్గట్టు పనిచేయడం నా బాధ్యతనీ ప్రభుత్వమే అచ్చువేసి ఇచ్చింది.

తిరిగొచ్చి మా సార్‌ని బతిమాలి పెట్టె తాళం తీయించాను. తరగతుల వరస తీసేసి, ఎవరికి ఏం వచ్చో దాన్నిబట్టి రోజులో కొంతసేపు జట్లు కట్టాను. ఆ అమ్మాయిని మళ్లీ పిలుచుకొచ్చి లెక్కల జట్టులో కూర్చోబెట్టాను. గుంటూరులో ఏం చేశావో చెప్పమన్నాను. ఒక రోజుకి ఎన్ని కిలోలు కోసేదో, కిలోకి ఎంతిచ్చేవాళ్లో, వారానికి ఎంత రావాలో, మేస్త్రీ అందులో ఎంత పట్టుకున్నాడో, అన్నీ వేళ్ల గణుపుల మీద బొటనవేలు జరుపుకుంటూ చెప్పింది. ఐదో తరగతి పిల్లలు పలక మీద గుణకారం చేస్తుండగానే ఆమె నోటి లెక్క అయిపోయింది. "రాయి" అన్నాను. రాయడం రాదు. అంకెలు గుర్తుపడుతుంది, వరసలో పెట్టడం తెలియదు. ఆ వారమంతా ఆమె చెప్పిన కూలి లెక్కలే పలకల మీద వేయించాను. ఆమె నోటితో చెబితే, మిగతావాళ్లు రాసేవాళ్లు. వాళ్లు రాస్తే ఆమె చూసి నేర్చుకునేది. నెల తిరక్కముందే మూడంకెల కూడికలు తనే రాసింది. అక్షరాలు కూడా మిరప, పత్తి, లారీ, కూలి అన్న మాటలతోనే మొదలుపెట్టాం. అచ్చులు, హల్లుల వరస తర్వాత చూసుకున్నాం.

ఏపీపీఈపీలో నాకు అన్నిటికంటే నచ్చింది ఉపాధ్యాయ కేంద్రం. చుట్టుపక్కల బళ్ల టీచర్లందరం కొన్ని నెలలకోసారి ఒక బళ్లో కలిసేవాళ్లం. ఒకరు పాఠం చెప్పి చూపించాలి, మిగతావాళ్లు బాగోగులు చెప్పాలి. చింతగింజలతో స్థానవిలువలు చెప్పడం, ఊరి మ్యాపు నేల మీద ముగ్గుపిండితో వేయించడం నేను అక్కడే నేర్చుకున్నాను. అంతవరకు ఇన్స్పెక్షన్‌కి వచ్చేవాళ్లు హాజరు, పాఠ్యప్రణాళిక, జమాఖర్చు చూసి వెళ్లేవాళ్లే గానీ, ఈ పిల్లకి ఎలా చెప్పావు అని అడిగినవాళ్లు లేరు. టీచరుని అలా అడగడం ఎంత గౌరవమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

అది ఎక్కువకాలం నిలవలేదు. కొన్నేళ్లకి గోడ మీది తాడు మిగిలింది, దానికి వేలాడే చార్టులు మిగిలాయి. ఏ బడికి వెళ్లినా అవే చార్టులు, టీచర్లు గీసినవి, ఆఫీసర్లు వస్తారంటే దులిపి తగిలించేవి. పిల్లల పని గోడ మీద పెట్టమన్న సూత్రం, గోడ మీద ఏదో ఒకటి పెట్టడంగా మారిపోయింది. "ప్రాజెక్టు అయిపోయింది కదా" అనే మాట అప్పుడే మొదటిసారి విన్నాను. తర్వాత ఇంకా చాలాసార్లు వినాల్సి వచ్చింది.

1995లో కేంద్రం బడిపిల్లలకు నెలకి మూడు కిలోల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. నూటికి ఎనభై హాజరు ఉండాలని షరతు. ఉద్దేశం మంచిదే. కానీ అందరికంటే ఆకలితో ఉన్నవాళ్లెవరు? సుగ్గికి పోయొచ్చిన ఇళ్లవాళ్లు. ఎనభై శాతం ఎలాగూ లేనివాళ్లూ వాళ్లే. బియ్యం రోజు ఆ పిల్లలు సంచులు పట్టుకొచ్చి వెనక్కి వెళ్తుంటే చూడలేక, సార్ లోపల కూర్చునేవారు. తర్వాత సుప్రీంకోర్టు 2001 నవంబరులో వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి డ్వాక్రా మహిళలు బళ్లలో వండటం మొదలుపెట్టారు. ఆ రోజు బడికి వచ్చినవాళ్లకి ఆ రోజు అన్నం, హాజరు లెక్కతో పని లేదు. పొయ్యి కోసం మూడు రాళ్లు, పొగ, నీళ్లసాంబారు, వీటి గురించి ఎంతమంది ఎన్ని మాటలన్నా, మధ్యాహ్నం ఇంటికి వెళ్లి తిరిగిరాని పిల్లలు తిరిగి నిలిచింది మాత్రం ఆ అన్నంతోనే.

ఈ మధ్యలో నాకు కోయిలకుంట్ల వైపు బదిలీ అయింది. 1996లో డీపీఈపీ, అంటే జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం, రాష్ట్రానికి వచ్చినప్పుడు మొదట తీసుకున్న ఐదు జిల్లాల్లో కర్నూలు ఒకటి. మిగతావి విజయనగరం, నెల్లూరు, కరీంనగర్, వరంగల్. మండల వనరుల కేంద్రాలు వచ్చాయి. టీచరుకి ఏడాదికి ఐదొందలు, బడికి రెండువేలు చేతికిచ్చేవాళ్లు. చిన్న మొత్తమే, కానీ సుద్దముక్కకి కూడా ఎవరినో అడగాల్సిన అవస్థ తప్పింది. కొత్త గదులు ఊరివాళ్లే దగ్గరుండి కట్టించుకున్నారు. 1998 చట్టంతో తల్లిదండ్రుల విద్యా కమిటీలు ఏర్పడ్డాయి. మా కమిటీలో ఒక దళిత తల్లి ఉండేది. మీటింగులో మొదట్లో తలుపు పక్కనే కూర్చునేది. ఇటుకల లోడు తక్కువ దింపారని కాంట్రాక్టరుని నిలదీసింది మాత్రం ఆమే.

అక్కడి సమస్య సుగ్గి కాదు, పత్తి క్రాసింగ్. హైబ్రిడ్ పత్తి విత్తనం తయారుచేసే చేలల్లో ఆడపిల్లల పని. సాయంత్రం పూట మొగ్గ పైరేకులు గోటితో గిల్లి, లోపలి పుప్పొడి భాగాన్ని తీసేసి, గుర్తుకి ఎర్రకాగితం పెట్టాలి. మర్నాడు పొద్దున్నే మగ చెట్టు పువ్వు తెచ్చి ఆ మొగ్గకి రాయాలి. నెలల తరబడి, రోజూ, సెలవు లేకుండా. మందు కొట్టిన చేలోనే రోజంతా. చిన్న చేతులకైతే మొగ్గ చెడదని, పిల్లలైతే చెట్టు ఎత్తుకి సరిగ్గా సరిపోతారని రైతులు చెప్పేవాళ్లు. అసలు సంగతి పెద్దవాళ్లకిచ్చే కూలిలో వాళ్లకి తక్కువ ఇవ్వొచ్చు. ఎండాకాలంలోనే ఇళ్లకి వచ్చి అడ్వాన్సులు ఇచ్చి వెళ్లేవాళ్లు. బడి తెరిచే నాటికే పిల్లలు బాకీ పడి ఉండేవాళ్లు. మా బడికి చేరిన ఆడపిల్లల గోళ్ల అంచులు పసుపుపచ్చగా, మొరటుగా ఉండేవి. పలక పట్టుకుంటే నేను మొదట చూసేది వాటినే.

అప్పుడే రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ చేస్తున్న పని గురించి విన్నాం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ప్రొఫెసర్ శాంతా సిన్హా గారు 1991 ప్రాంతంలో మొదలుపెట్టారు. 2003లో ఆవిడకి మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్ల మాట సూటిగా ఉండేది. బడిలో లేని ప్రతి పిల్లవాడూ బాలకార్మికుడే. రాత్రిబడి, సగంరోజు బడి లాంటి సర్దుబాట్లు వద్దు. పగలంతా మామూలు బడిలోనే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పేద తల్లిదండ్రులు పిల్లల్ని చదివించాలనే కోరుకుంటారు అన్న నమ్మకంతోనే పని మొదలుపెట్టేవాళ్లు. అక్కడి ప్రభుత్వ టీచర్లే బాల కార్మిక విమోచన వేదిక అని సంఘం పెట్టుకున్నారని విని, కొందరం కలిసి ఒక క్యాంపు చూడటానికి వెళ్లాం.

పశువులు కాసిన పిల్లలు, జీతగాళ్లుగా ఉన్న పిల్లలు, పన్నెండేళ్లవాళ్లు, పదమూడేళ్లవాళ్లు అక్కడే ఉండి చదువుకుంటున్నారు. బ్రిడ్జి కోర్సు అంటే ఏమిటో అక్కడ అర్థమైంది. పెద్దపిల్లని చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టరు. ఆమె ఈడువాళ్లతోనే ఉంచి, కొన్ని నెలల్లో చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పి, ఆమె వయసుకి తగిన తరగతిలోకే పంపిస్తారు. ఆదోని వైపు రొట్టెలు తడుతూ ఆ తల్లి అడిగిన చోటు ఇదే. సమాధానం ఉంది, చేస్తున్నారు కూడా. తిరుగు బస్సులో మాలో ఎవరికీ నిద్ర పట్టలేదు. క్రాసింగ్ పిల్లలకి మన దగ్గర ఇది ఎలా చేయాలన్నదే మాట.

ఎండాకాలంలోనే మొదలుపెట్టాం, అడ్వాన్సులు ఇచ్చేవాళ్ల కంటే ముందే ఇళ్లకి వెళ్లాలని. విద్యా కమిటీ తల్లులు వెంట వచ్చేవాళ్లు. తీసుకున్న అడ్వాన్సు ఎలా తీర్చాలి అన్న దగ్గరే ప్రతి ఇంట్లో మాట ఆగేది. చదువు వద్దు అన్న ఇల్లు ఒక్కటీ నాకు తగల్లేదు. కొందరు రైతులు బాకీ పెద్దవాళ్ల కూలిలో పట్టుకుంటామని ఒప్పుకున్నారు, కొందరు మా మీద అరిచారు. పొద్దున ట్రాక్టరు బయల్దేరే చోట కమిటీ తల్లులు నిలబడితే, పిల్లల్ని ఎక్కించుకోవడానికి డ్రైవరే మొహమాటపడేవాడు. అందర్నీ తెచ్చామని చెప్పను. వచ్చినవాళ్లలో చాలామంది నిలిచారు, ఎందుకంటే వాళ్లకి చెప్పే పద్ధతి మారింది.

ఇంకో అడ్డంకి కాగితాలు. టీసీ కావాలి, పుట్టిన తేదీ సర్టిఫికెట్ కావాలి, జూలై దాటితే అడ్మిషన్ లేదు. తల్లిని అడిగితే "చెరువు తెగిన యేడు పుట్టింది సార్" అనేది. మా ప్రాంతపు పాత అడ్మిషన్ రిజిస్టర్లు తీసి చూడండి, సగంమంది పుట్టిన తేదీలు జూన్, జూలై నెలల్లోనే ఉంటాయి. సంతకం పెట్టడానికి ధైర్యం చేసిన హెడ్మాస్టర్లు అలా పిల్లల్ని లోపలికి తెచ్చారు. వాళ్లకి నేను చేతులెత్తి మొక్కుతాను. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కని చెప్పింది. ఆ కేసు మన రాష్ట్ర ప్రభుత్వం మీదే నడిచింది. 2002లో రాజ్యాంగ సవరణ, 2009లో విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆ చట్టం తెలుగు ప్రతి చేతికొచ్చిన రోజు స్టాఫ్ రూములో కూర్చుని వరసగా చదివాను. వయసుకి తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడినదానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్. వయసు రుజువు లేదని కాదనకూడదని 14. ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలని 15. చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊళ్లలో చదువులేని తల్లులు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నవే అవన్నీ.

ఇది రాస్తున్నప్పుడు 1991 జనాభా లెక్కలు గుర్తొస్తున్నాయి. రాష్ట్రంలో అక్షరాస్యత 44 శాతం, ఆడవాళ్లలో 33 కూడా లేదు. 2001కి మొత్తం 60 దాటింది, ఆడవాళ్లలో సగం దాటింది. పదేళ్లలో అంత మార్పు రావడానికి కన్నవాళ్ల మనసులు ఉన్నట్టుండి మారిపోయాయంటే నేను నమ్మను. బడి వాళ్లకి దగ్గరగా జరిగింది, అంతే. ఎంత దగ్గరగా జరిగితే అంతమంది వచ్చారు. ఎక్కడ జరగలేదో అక్కడ ఆగిపోయారు. గణుపుల మీద లెక్క వేసిన ఆ ఆదోని అమ్మాయి ఐదు పాసై, పక్క ఊళ్లో ఏడు దాకా చదివింది. హైస్కూలు చాలా దూరం, బస్సు లేదు. అక్కడితో సరి. ఆడపిల్లల కోసం కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయాల పథకం 2004లో వచ్చింది. ఆమెకది అందలేదు.

తర్వాతి సంవత్సరాల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 2005 ప్రాంతంలో వచ్చిన క్లిప్ కార్యక్రమం మంచిదే, ప్రతి పిల్లకీ చదవడం, రాయడం వచ్చిందా లేదా అని పేరుపేరునా చూడమంది. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చేసరికి నింపాల్సిన కాలమ్స్ పెరిగి, పిల్ల దగ్గర కూర్చునే సమయం తగ్గింది. అంగన్‌వాడీ పిల్లల్ని కూడా ప్రైవేటు బడి ఆటోలు ఎక్కించుకుపోవడం అప్పుడే మొదలైంది. ఆ ఫీజులు కట్టింది ఎవరో తెలుసా? చదువంటే లెక్కలేదని పేరుపడ్డ కూలివాళ్లే, వడ్డీకి తెచ్చి మరీ.

సర్వీసు చివర్లో మళ్లీ ఆ పడమటి మండలాలకే వెళ్లాను. సుగ్గి ఇంకా ఉంది. లారీల బదులు టెంపోలు, గుంటూరుతోపాటు తెలంగాణ, కర్ణాటక కూడా. సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్లు వచ్చాయి. కన్నవాళ్లు వలస వెళ్లినన్నాళ్లూ పిల్లలు బడి దగ్గరే ఉంటారు, తింటారు, రాత్రి చూసుకోవడానికి ఒక మనిషి ఉంటారు. నేను చూసిన పథకాలన్నిటిలోకీ ఆ ఊళ్ల బతుకుని సరిగ్గా అర్థం చేసుకున్నది ఇదే. తల్లులు పిల్లల దుప్పటి, కంచం మూటగట్టి తెచ్చి అప్పజెప్పి, టెంపో ఎక్కడానికి వెళ్లేవాళ్లు. ఆ ఏడాది మా బళ్లో ఎర్ర సిరా వాడలేదు.

మరుసటి ఏడాది హాస్టల్ తెరవమన్న ఉత్తర్వు వచ్చేసరికి ఊళ్లో సగం ఇళ్లకి తాళాలు పడ్డాయి. టెండర్లు, అనుమతులు, నిధులు, ఏవేవో కారణాలు చెప్పారు. సుగ్గి ఎప్పుడు మొదలవుతుందో ఆ మండలాల్లో చిన్నపిల్లవాణ్ణడిగినా చెబుతాడు. హాస్టళ్లు దసరా సెలవులు ముగిసేనాటికే తెరవాలి, మే నెలలో వంటమనిషిని, చూసుకునే మనిషిని ఖాయం చేయాలి. అడిగిన ప్రతి మీటింగులోనూ ఇదే చెప్పాను. ఇప్పుడా మండలాల్లో పనిచేస్తున్న టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీరు కూడా సెప్టెంబరులోనే అర్జీ పెట్టండి. కన్నవాళ్ల సంతకాలు, వేలిముద్రలు దానికి జతచేయండి. అవి అడగంగానే ఇస్తారు.